శాలువా కప్పారు, చదవనివ్వలేదు

ఈ మాటలు నేను మొదటిసారి రాస్తున్నవి కావు. మా ఊరి తెలుగు సంఘం కార్యవర్గానికి ఎన్నిసార్లు రాశానో, ఉగాది సభల్లో ఎన్నిసార్లు లేచి నిలబడి అడిగానో, ఎందరు అధ్యక్షులకు ఫోన్లు చేసి విసిగించానో నాకే గుర్తు లేదు. ఒకే ఒక్కసారి తప్ప, ఒక్కరు కూడా ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. కాదని ఉంటే పోట్లాడి ఉండేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాళ్ళతో ఎలా పోట్లాడాలో ఇంత వయసొచ్చినా నాకు తెలియలేదు. "అంకుల్ మళ్ళీ మొదలెట్టార్రా" అని వెనక వరుసలో అనుకోవడం మాత్రం నా చెవిన పడుతూనే ఉంది. నాకు మోకాళ్ళు పోయాయి గాని చెవులు బాగానే ఉన్నాయి. అందుకని ఈసారి వాళ్ళను వదిలి, నా ఈడువాళ్ళయిన మీకు చెప్పుకుంటున్నాను. మన సభలు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. నేను సగం చెబితే మిగతా సగం మీరే పూరించుకోగలరు.

పోయిన శనివారం మధ్యాహ్నం మా టూవూంబా లైబ్రరీలో నల్లజాతి రచయితల సభ జరిగింది. ఈ కంగారూల దేశంలో ఆ మాటకు అర్థం కాస్త విశాలం. ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళూ, ఈ నేలకు మొదటినుంచీ సొంతదారులైన ఆదివాసులూ ఆ రోజు ఒకే బల్ల వెనక కూర్చున్నారు. ముందుగా ఒక ఆదివాసీ పెద్దావిడ తనవాళ్ళ నేల మీదికి మమ్మల్నందర్నీ స్వాగతించింది. తర్వాత ఒక్కొక్కరే లేచి తాము రాసింది చదివి, పుస్తకాలు తమ బతుకుల్ని ఎలా మార్చాయో చెప్పారు. తెల్లగడ్డం ఆదివాసీ పెద్దమనిషి ఒకాయన, చిన్నప్పుడు బడి మొహం సరిగ్గా చూడనివాడు, మనవరాలి పాఠ్యపుస్తకంలో తన అమ్మమ్మ పాడే పాట అచ్చయి ఉందని తెలిసి, దాన్ని తన కళ్ళతో తానే చదువుకోవాలన్న పట్టుదల కొద్దీ ముసలితనంలో అక్షరాలు దిద్దానని, అక్కణ్ణుంచి రాయడం దాకా వచ్చానని చెప్పాడు. ఆయన చదువుతున్నంతసేపూ ఎవరి ఫోనూ మోగలేదు, ఎవరూ టీ కోసం లేవలేదు, ఒక్కరి మెడలోనూ దండ పడలేదు. అందరూ వచ్చింది వినడానికి, అందరికీ ఆ సంగతి తెలుసు. అక్కడ ముందు వరసలో ఒక కుర్చీ మీద నా పేరు అతికించి ఉంచారు. మన సభల్లో నాకు అలాంటి కుర్చీ ఎన్నడూ దక్కలేదు గాని, అది వేరే ఫిర్యాదు, ఇప్పుడు తియ్యను.

అందరికంటే చివర చదివినావిడ ఈ ఊరి ఆసుపత్రిలో చాలాకాలం నర్సుగా పనిచేసి ఈమధ్యనే మానేసింది. పుట్టింది దక్షిణ సూడాన్‌లో, చదువుకున్నది కెన్యాలోని శరణార్థి శిబిరంలో, రచయిత్రి అయింది మా ఊళ్ళో. ఆవిడ తొలి పుస్తకం బయటికొచ్చింది, సభలో అమ్మకానికి పెట్టినవన్నీ అయిపోయాయి. నేను నర్సమ్మ అనే అంటాను. మా ఆవిడకు చెల్లెలి వరస. అదెలాగో చెబుతాను.

ఇంటికొచ్చి టీ పెట్టుకుని ఫోను తీద్దును గదా, మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఇప్పటి అధ్యక్షుడు పెట్టిన ఒక పాత ఫొటో. ఎన్నో ఏళ్ళ కిందటి మా ఉగాది సభ అది. వేదిక మీద నర్సమ్మ, ఆవిడ భుజాల మీద జరీ అంచు శాలువా, పక్కన అప్పటి అధ్యక్షుడూ, కార్యదర్శీ, కోశాధికారీ. కింద ఏమని రాశారంటే, ఈ రోజు ఊరంతా చప్పట్లు కొడుతున్న ఈ రచయిత్రిని అందరికంటే ముందు గుర్తించి సత్కరించింది మన సంఘమే, గర్వపడదాం అని. దాని కింద దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరసగా. నిజానికి ఆ ఫొటోలో శాలువా కప్పుతున్నది మా ఆవిడ. పక్కలు కత్తిరించిన మహానుభావులెవరో ఆమెను కూడా కత్తిరించేశారు. గాజుల చెయ్యి ఒకటి మాత్రం నర్సమ్మ భుజం మీద మిగిలింది. ఆ రోజు ఆవిణ్ణి ఒక్క ముక్కయినా చదవనిచ్చారా అని నేను వెంటనే గ్రూపులో అడిగాను. ఒకరు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. ఇంకొకరు, మెల్‌బోర్న్ పక్క క్రెయిగీబర్న్‌లో తమ్ముడి కోసం ఇల్లు అద్దెకు కావాలన్నారు. అంతటితో నా ప్రశ్న పైకి వెళ్ళిపోయి కనిపించకుండా పోయింది.

మాది బాపట్ల వైపు. రోడ్ల ఇంజనీరుగా ఉద్యోగం దొరికి, మా అమ్మాయి చిన్నపిల్లగా ఉండగానే ఈ కొండమీది ఊరికి వచ్చాం. అప్పట్లో ఇక్కడ తెలుగు మాట వినాలంటే అద్దం ముందు నిలబడి మనమే మాట్లాడుకోవాలి. ఎక్కడికెళ్ళాలన్నా కారు కావాలి, మా ఆవిడకు నడపడం రాదు, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి శీతాకాలంలో అప్పుడే చీకటి పడిపోయేది. ఆఫీసులో నా సంగతి ఏమంత గొప్పగా ఉండేది కాదు. మీటింగులో నేను చెప్పిన మాట గాలికి పోయేది, కాసేపటికి అదే మాట ఇంకొకరు చెబితే అందరూ తలలూపి రాసుకునేవాళ్ళు. భోజనాల గదిలో నేను డబ్బా మూత తియ్యగానే కిటికీ తెరిచే పెద్దమనిషి ఒకడుండేవాడు. అతనిప్పుడు లేడు పాపం, అయినా ఆ కిటికీ సంగతి నేను మర్చిపోలేదు. ఇలాంటివి ఇంట్లో చెబితే మా ఆవిడ వినేది గాని, బయట ఎవరితోనూ అనేవాణ్ణి కాదు. ఇవి లోకంలో నాకొక్కడికే జరుగుతున్నాయని, నాలోనే ఏదో తక్కువుందని అనుకునేవాణ్ణి. ఊళ్ళో ఉండగా నవలలంటే పడిచచ్చేవాణ్ణి, ఇక్కడికొచ్చాక చదవడం పూర్తిగా ఆగిపోయింది. ఆఫీసు కాయితాలు తప్ప పుస్తకమన్నది పట్టిన గుర్తు లేదు.

మా అమ్మాయి సిడ్నీలో యూనివర్సిటీకి వెళ్ళిపోయాక, మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ చేశారు. ఆ వార్డులోనే నర్సమ్మ. ఎత్తయిన మనిషి, నవ్వితే గది నిండిపోయేది. మా ఆవిడకు కూరల కొట్టుకూ బ్యాంకుకూ సరిపడా ఇంగ్లీషు మాత్రమే వచ్చు. ఆ ఇంగ్లీషుతోనే, టీ వేళ కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటున్న నర్సమ్మను పిలిచి, ఆ పుస్తకంలో ఏముందో నాకూ చెప్పవా అని అడిగిందట. మర్నాడు నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఎప్పటినుంచో తెలిసినవాళ్ళలా నవ్వుకుంటున్నారు.

నవ్వుకి కారణం ఇది. నర్సమ్మ చదువుకున్న శిబిరంలో కథల పుస్తకమంటూ ఒకటే ఉండేదట. పిల్లలేమో బోలెడుమంది. వాళ్ళ మాస్టారు ఆ పుస్తకం కుట్టు విప్పి, భాగాలుగా చేసి, ఒక్కో భాగాన్నీ దారంతో మళ్ళీ కుట్టి తలా ఒకటి ఇచ్చేవాడట. నర్సమ్మ చేతికి ముందుగా ఆఖరి భాగం వచ్చింది. హీరో చనిపోయాడని తెలిశాక, వాడు ఎందుకు చనిపోయాడో తెలుసుకోవడానికి వెనక్కి వెనక్కి చదువుకుంటూ వెళ్ళిందట. మొదటి భాగం చేతికొచ్చి, వాడు పుట్టిన రోజు చదివినప్పుడు వెక్కివెక్కి ఏడ్చిందట. ఇది విని మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుందంటే చూడండి. ఎందుకంటే మన ఇళ్ళల్లో వారపత్రికల సంగతి కూడా అంతే గదా. వీధిలో ఒకళ్ళు కొంటే ఇల్లిల్లూ తిరిగి, ఆఖరికి మనింటికొచ్చేసరికి ఏ వారానిది ముందొస్తుందో తెలియదు, పెళ్ళయిన సంగతి చదివిన తర్వాత ప్రేమించుకున్న సంగతి చదివేవాళ్ళం. ఆ సీరియల్ పేజీలన్నీ చింపి, వరస పెట్టి, గోనెసంచి కుట్టే సూదితో కుట్టి, అట్ట వేసి పెట్టుకున్నవాళ్ళలో మా ఆవిడ ఒకతె. "వాళ్ళు విప్పారు, నేను కుట్టాను, అంతే తేడా" అంది నాతో, కుట్లు నొప్పెడుతున్నా నవ్వు ఆపుకోలేక.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు నర్సమ్మ తను కిటికీ దగ్గర చదువుకున్న నవల మా ఆవిడ చేతిలో పెట్టి, నీ మొగుడి చేత చదివించుకో అని చెప్పింది. రాసింది ఒక నల్లజాతి ఆవిడ. పేరూ వివరమూ ఎందుకులెండి. రైలు వంటపెట్టెలో ఏళ్ళ తరబడి అందరికీ వడ్డించి, ఏనాడూ ఎవరూ బల్ల ముందు కూర్చోనివ్వని మనిషి కథ. నేను వంటింట్లో కూర్చుని ఒక్కో పేరా ఇంగ్లీషులో చూసుకుని తెలుగులో చెబుతుంటే, మా ఆవిడ చపాతీలు ఒత్తుకుంటూ వినేది. అతని పెళ్ళాం ఏమంది, ఆ పిల్లకి జ్వరం తగ్గిందా అని మధ్యలో సవాలక్ష ప్రశ్నలు. ఒక రోజు, ఆ మనిషి చేతిలోని పళ్ళెం కింద పెట్టి, కుర్చీ లాక్కుని, ఎవరూ పిలవకుండానే బల్ల ముందు కూర్చునే చోటు వచ్చింది. నేను చెప్పలేకపోయాను. పుస్తకం బోర్లా పెట్టేశాను. మా ఆవిడ అప్పడాలకర్ర పక్కన పెట్టి, ఏమీ అడగకుండా, నేను తేరుకునేదాకా అలాగే నిలబడింది. నాకు జరిగినవాటిని నేనెప్పుడూ చూడని మనుషులు, నేను పుట్టకముందే, నాకంటే ఎంతో ఘోరంగా పడ్డారు. పడి ఊరుకోలేదు, రాశారు. నా గుండెల్లో ఉన్నదానికి లోకంలో ఇంకెక్కడో ఒక వాక్యం ఉందని తెలియడం మామూలు విషయం కాదు.

ఆ పుస్తకం నన్ను మంచివాణ్ణి చేసిందని చెప్పను. పాత లెక్కలు మర్చిపొమ్మని అది నాకు నేర్పలేదు, నేర్పి ఉంటే అవతల పారేసేవాణ్ణి. కానీ తర్వాతి మీటింగులో నా మాట ఇంకొకరి నోటినుంచి వచ్చినప్పుడు, ఈ మాట నేను ఇందాకే చెప్పాను, దయచేసి నా పేరుతో రాయండి అని మొదటిసారి పైకి అన్నాను. మా పై అధికారి నావైపు చూసి, క్షమించమని, రాసుకున్నాడు. ఇక మా ఆవిడ సంగతి. నర్సమ్మ ప్రతి శనివారం మధ్యాహ్నం లైబ్రరీ వెనక గదిలో కొందరు కూడి పుస్తకాలు చదువుకునే చోటికి ఆమెను తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఒకసారి నర్సమ్మకు డ్యూటీ పడింది, నేను వచ్చేసరికి ఆలస్యమైంది. ఇంకొకరి కోసం ఎదురుచూస్తూ గుమ్మంలో కూర్చోవడం ఇక నా వల్ల కాదని చెప్పి, ఆ వయసులో కారు నేర్చుకుంది మా ఆవిడ. మొదట్లో లైబ్రరీకి తప్ప ఎక్కడికీ నడిపేది కాదు, కొత్తిమీర కావాలన్నా నన్నే పంపేది.

వరసలు కలపడం కూడా ఆమె పనే. తనను అక్కా అనమంది, అక్క మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం మా వైపు ఉండదు గనక నన్ను బావగారూ అనమంది. అలా నాకు టూవూంబాలో ఒక మరదలు దొరికింది. మరదలంటే బావను ఆటపట్టించాలని కూడా చెప్పి పెట్టినట్టుంది. "బావగారూ, ఈరోజు ఎవరి మీద కోపం?" అని గుమ్మంలోంచే ఇంగ్లీషూ తెలుగూ కలిపి అడిగేది నర్సమ్మ. ఈరోజు ఊరి కౌన్సిల్ మీద అని మా ఆవిడ లోపల్నుంచి జవాబిచ్చేది.

కొన్నాళ్ళకు నర్సమ్మ తనూ రాయడం మొదలుపెట్టింది. శిబిరం గురించి, వాళ్ళ అమ్మ గురించి, ఇక్కడ మొదటిసారి చలికి వణికిన రాత్రుల గురించి. రాసింది రాసినట్టు మా వంటింటికి తెచ్చేది. మా ఆవిడ బఠాణీలు వలుస్తూ వినేది, అర్థం కాని మాట వస్తే చెయ్యెత్తి ఆపేది. ఒకసారి నర్సమ్మ తన తమ్ముడు తప్పిపోయిన సంగతి చదివింది, రాసిన పేజీ నిండా ఏడుపు మాటలే. మా ఆవిడ అంతా విని, తనకొచ్చిన ఇంగ్లీషులో అంది: "అన్నీ నువ్వే ఏడ్చేస్తే ఇంక నేనేం ఏడవను చెల్లీ? నువ్వు జరిగింది చెప్పు. ఏడుపు సంగతి నేను చూసుకుంటాను." శనివారం సభలో నర్సమ్మ ఈ మాట చెప్పి, నాకు రాయడం నేర్పిన పాఠం ఇదొక్కటే అంటే, హాలంతా చప్పట్లు. నేర్పినావిడ పేరు చెప్పలేదు. అక్క అని మాత్రం అంది.

ఇంత జరుగుతుంటే, అప్పటికి పెరిగిన మన తెలుగు కుటుంబాల వాళ్ళు ఊరుకుంటారా. డాక్టర్లు, యూనివర్సిటీ వాళ్ళు, నర్సులు చాలామంది వచ్చారు, సంఘం ఏర్పడింది. ఒక పుట్టినరోజు పార్టీలో, మా అమ్మాయి ఈడు ఇల్లాలు కాదు, మా ఆవిడ ఈడావిడే, నలుగురి ముందూ అడిగింది. "ఏంటొదినా, ఎప్పుడు చూసినా మీ ఇంటి ముందు ఆ నల్లావిడ కారే ఉంటుంది?" మా ఆవిడ వడ్డన ఆపకుండా, "మరి మీ కారు రాదుగా వదినా" అంది. అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం నాతో, ఈ చెల్లెలు రాసింది మనవాళ్ళందరూ ఒక్కసారి కూర్చుని వినాలండీ, వింటే ఇలా అడగరు అంది. ఆమె కోరిక అదొక్కటే. నగా నట్రా ఎప్పుడూ అడిగి ఎరగదు.

నేను సంఘం వాళ్ళను పట్టుకున్నాను. ఉగాది సభలో ఆవిడ చేత ఒకటి చదివించండి, కాసేపు చాలు అని. నసిగారు, ప్రోగ్రాం ఫుల్ అంకుల్ అన్నారు, మన కల్చర్ ప్రోగ్రాం కదా అన్నారు, ఆఖరికి నా పోరు పడలేక సరేనన్నారు. నర్సమ్మ ఆ సభ కోసమే కొత్తది రాసింది. మా ఆవిడ గురించి. అందులో ఏముందో నాకు చెప్పలేదు, మా ఆవిడకూ చెప్పలేదు. సభలోనే వినాలి అక్కా అంది.

ఆదివారం మధ్యాహ్నం సభ. హాలు సాయంత్రం వరకే మనది. జ్యోతి ప్రజ్వలన చేసేవాళ్ళు వేదిక మీద పట్టనంతమంది, దీపం వత్తి తడిసి వెలగకపోతే అందరూ తలా ఒక చెయ్యీ వేశారు. తర్వాత పంచాంగ శ్రవణం, పిల్లల డ్యాన్సులు, సౌండ్ ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి అవే డ్యాన్సులు, దాతలకు సన్మానం, వంట చేసినవాళ్ళకు సన్మానం, సౌండ్ చూసినవాడికి సన్మానం. మా ఆవిడ కొత్త చీర కట్టుకుని మూడో వరసలో కూర్చుని, మాటిమాటికీ నావైపు చూస్తోంది. ఎట్టకేలకు నర్సమ్మను పిలిచారు. శాలువా కప్పడానికి మా ఆవిణ్ణి పిలిచారు. ఆమె వెళ్ళి బొట్టు పెట్టి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఇక వినడానికని గబగబా దిగొచ్చి కూర్చుంది. నర్సమ్మ కాయితాలు విప్పి మైకు దగ్గరికి జరిగింది. మీరు ఊహించే ఉంటారు. మన పద్ధతిలో శాలువా పడిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. వ్యాఖ్యాత ఆ మైకే తీసుకుని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, హాలు టైమైపోతోంది, పిల్లలున్నవాళ్ళు ముందు రావాలి అని చెప్పేశాడు. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడులో నేను అరిచిన అరుపు ఎవరికీ వినపడలేదు. నర్సమ్మ కాసేపు అలాగే నిలబడింది, ఎవరైనా మొదలుపెట్టమంటారేమోనని. తర్వాత కాయితాలు మడిచి సంచిలో పెట్టుకుని దిగొచ్చింది. అందరితో పాటు లైనులో నిలబడి పులిహోర పెట్టించుకుంది. గోంగూర బాగుందని కూడా అంది.

నేను అధ్యక్షుణ్ణి పక్కకు లాగాను. "అదేంటంకుల్, శాలువా కప్పాం కదా, మెమెంటో ఇచ్చాం, ఇంకేం కావాలి ఆవిడకి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అతని దృష్టిలో రచయితకు చెయ్యగలిగినంతా చేసేశారు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

ఆ వారమే నర్సమ్మ మా ఇంటికొచ్చి, ఇక్కడే చదివేస్తాను అక్కా అంది. మా ఆవిడ వద్దంది. "నా గురించి నాకెందుకు చెల్లీ, నాకు తెలుసుగా. వాళ్ళు వినాలి. వాళ్ళ మధ్య కూర్చుని వింటాను. మళ్ళీ పిలుస్తారు, బావగారు ఊరుకోరు." మొండితనం నా ఒక్కడి సొత్తని లోకం అనుకుంటుంది గాని, మా ఇంట్లో పెద్ద మొండిఘటం ఆమే. నర్సమ్మ అక్కడికక్కడే మాటిచ్చింది, మీవాళ్ళ ముందు తప్ప ఇంకెక్కడా చదవను, అచ్చులోనూ వెయ్యను అని.

తర్వాత ప్రతి ఉగాదికీ నేను అడగడం, ఈసారి కష్టం, వచ్చే ఏడు చూద్దాం అంకుల్ అని వాళ్ళనడం. అధ్యక్షులు మారారు, చూద్దాం మాత్రం మారలేదు. ఫోనులో మా అమ్మాయి, సిడ్నీలో పారమట్టా ఆఫీసు నుంచి రైల్లో ఇంటికెళ్తూ, "వదిలెయ్యి నాన్నా, ఇట్స్ జస్ట్ ఎ ఫంక్షన్" అనేది. మా ఆవిడ మాత్రం ప్రతి ఏడూ ఆ రోజు చీర తీసి ఇస్త్రీ చేసుకుని, ఈసారైనా ఉందా అండీ అని అడిగేది. లేదంటే పోనీలెండి అని మామూలుగానే సభకు వచ్చేది. రెండేళ్ళ కిందట, జబ్బుతో ఆసుపత్రిలో పడింది, తిరిగి ఇంటికి రాలేదు. సంఘం వాళ్ళు పూలగుత్తి పంపారు, గ్రూపులో దండాల బొమ్మలు పెట్టారు. నర్సమ్మ, డ్యూటీ ఉన్నా లేకపోయినా, చివరిదాకా ఆ మంచం పక్కనే ఉంది.

పోయిన శనివారం సభ అయ్యాక, జనం పలచబడ్డాక, అక్క గురించి రాసింది ఇక్కడ ఎందుకు చదవలేదమ్మా అని అడిగాను. "ఇది నా వాళ్ళ సభ బావగారూ. నేను మాటిచ్చింది మీవాళ్ళ సభకి" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. కొడుకు మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాడు, మనవడు పుట్టాడు, ఇల్లు అమ్మకానికి పెట్టింది, వచ్చే ఉగాది దాటాక వెళ్ళిపోతోంది. మా ఆవిడ గురించి నాకు తెలియని విషయాలు కొన్ని ఆ మనిషి దగ్గర ఉన్నాయి. ఇంటికి రమ్మంటే వచ్చి చదువుతుంది, నాకు తెలుసు. కానీ మా ఆవిడ విననని కూర్చున్నచోట, ఆమె పోయాక నేనొక్కణ్ణే కూర్చుని ఎలా వినను?

ఒకప్పుడు మేం నాలుగైదు కుటుంబాలం ఒకరి గరాజులో దుప్పట్లు పరుచుకుని ఉగాది చేసుకునేవాళ్ళం. వేదిక లేదు, మైకు లేదు, ముఖ్య అతిథి అసలే లేడు. ఎవరికి వస్తే వాళ్ళు పద్యం చదివేవాళ్ళు, మర్చిపోతే పక్కవాళ్ళు అందించేవాళ్ళు, ఎవరో ఊళ్ళో అమ్మ పోయిన సంగతి చెప్పుకుంటే పిల్లలు కూడా ఆట ఆపి వినేవాళ్ళు. ఇప్పుడు హాలు పెద్దది, తెర పెద్దది, డ్రోనుతో ఫొటోలు తీస్తున్నారు. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషులో వస్తుంది, దాన్ని నేను తప్పుపట్టను. నా బాధల్లా పెద్దవాళ్ళతోనే. మనిషిని పిలవడం మనకు వచ్చు, పొగడడం వచ్చు, కడుపునిండా తిండి పెట్టడం మరీ బాగా వచ్చు. ఎదుట కూర్చుని ఆ మనిషి చెప్పేది వినడం ఎప్పుడు, ఎక్కడ పోగొట్టుకున్నామో నాకు తెలియడం లేదు. లైబ్రరీలో ఆ గడ్డం పెద్దాయన చదువుతున్నప్పుడు, పక్క కుర్చీ ఖాళీగా ఉండటం చూసి, ఈ నిశ్శబ్దం మనవాళ్ళ దగ్గర ఒక్క పూట దొరికి ఉంటే మా ఆవిడకు అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

అధ్యక్షులవారూ, మిమ్మల్ని వదిలేశానన్నాను గాని వదల్లేదు, ఇది మీకే. మీరు మా అమ్మాయి ఈడువారు, ఆ నాటి సభలో మీరు లేరు, తప్పు మీదని నేను అనడం లేదు. అయినా ఫొటో పెట్టి గర్వపడింది మీరే గనక జవాబు కూడా మీరే చెప్పాలి. వచ్చే ఉగాదికి నర్సమ్మ ఈ ఊళ్ళోనే ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. ఆవిడకు శాలువా వద్దు, జ్ఞాపిక వద్దు. డ్యాన్సుల కంటే ముందు, భోజనాల కంటే ముందు, అందరూ కూర్చుని ఉండగా, ఆవిడ చదవడం పూర్తయ్యేదాకా మైకు ఆవిడ చేతిలో ఉంచండి. ఉంచుతారా, ఉంచరా? చూద్దాం అనకండి. బొమ్మలు పెట్టకండి. ఔననో కాదనో, మీ నోటితో, నాకు చెప్పండి.